ఓనరాంటీ రాతి మీద ఖాళీ

పోయిన నెల ఒక శనివారం పొద్దున నేను దోసెల పిండి రుబ్బుకుంటూ ఉండగా మా అమ్మాయి వీడియో కాల్ చేసింది. దానికి షికాగోలో ఉద్యోగం. ఒమాహాలో స్నేహితురాలి పెళ్లని ఒక్కతే కారేసుకుని బయలుదేరింది. అంత దూరం ఏకబిగిన డ్రైవ్ చెయ్యకు, మధ్యలో ఆగి కాస్త కాఫీ తాగమని నేనే చెప్పాను. అది కాఫీకి ఆగలేదు. హైవే దిగి, తన చిన్నప్పుడు, మేము టెక్సస్‌లోని ఈ కాపెల్ రాకముందు నాలుగేళ్లు కాపురమున్న అయోవా పల్లెటూరికి వెళ్లింది. అక్కడ మాకు ఇల్లు అద్దెకిచ్చిన పెద్దావిడ సమాధి దగ్గర నాలుగు పూలు పెట్టి వద్దామని దాని ఉద్దేశం. ముప్పై ఏళ్ల పిల్లకి ఆ బుద్ధి పుట్టినందుకు సంతోషించాలా, నాకు ఇన్నేళ్లూ పుట్టనందుకు సిగ్గుపడాలా అని నేను తేల్చుకునే లోపలే అది అడిగింది. "అమ్మా, గ్రాండ్‌మా ఇంకా అలైవ్ ఆ?"

"అవేం మాటలే! ఆవిడ పోయి పదహారేళ్లయింది" అన్నాను, గ్రైండర్ మోతలో నాకే సరిగ్గా వినపడలేదేమో అనుకుంటూ.

"దెన్ వై ఈజ్ ఇట్ బ్లాంక్? చూడు" అని ఫోన్ అటు తిప్పింది. బూడిదరంగు గ్రానైట్ రాయి. ఎడమవైపు ఆవిడ భర్త పేరు, కింద ఆయన పుట్టిన సంవత్సరం, ఒక గీత, పోయిన సంవత్సరం. కుడివైపు ఆవిడ పేరు, కింద పుట్టిన సంవత్సరం, ఒక గీత. ఆ గీత పక్కన ఏమీ లేదు. నున్నటి రాయి. దాని మీద ఒక మిడత కూర్చుని ఉంది. నేను గ్రైండర్ ఆపేసి పిండి చేత్తోనే ఫోన్ పట్టుకున్నాను. పదహారేళ్ల నుంచి ఆ ఊళ్లో ఆ రాతి లెక్క ప్రకారం ఓనరాంటీ బతికే ఉంది. ఎవరూ లేక, ఎవరికీ పట్టక, ఆవిడ చావు అలా సగంలో ఆగిపోయింది. అక్కడే స్టూల్ మీద కూలబడ్డాను. ఎందుకంటే ఆ ఖాళీ ఎవరు నింపాల్సిందో నాకు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

ఆవిణ్ణి 'ఓనరాంటీ' అనడం మా హైదరాబాద్ అలవాటు. అద్దె ఇంటి యజమానురాలు ఎవరైనా మాకు ఓనరాంటీయే. మా ఆయనకి అమెరికాలో మొదటి ఉద్యోగం ఆ ఊరి దగ్గర విత్తనాల కంపెనీలో కంప్యూటర్ పని. తనతో విమానం దిగిన స్నేహితులంతా కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ వైపు వెళ్లి ట్రాఫిక్ గురించి, అద్దెల గురించి గొప్పగా బాధపడుతూ ఉంటే, మాకు మొక్కజొన్న చేలు రాసిపెట్టి ఉన్నాయి. కనుచూపు మేర మొక్కజొన్న. అది అయిపోయిన చోట సోయాబీన్. అదీ అయిపోయిన చోట మళ్లీ మొక్కజొన్న. ఊళ్లో అద్దెకి అపార్ట్‌మెంట్లు లేవు. ఆఫీసులో ఎవరో, ఊరికి ఆరు మైళ్ల దూరంలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటోందనీ, మేడ మీద వాటా ఖాళీగా ఉందనీ చెప్పారు. మేము సూట్‌కేసులతో దిగేసరికి ఆవిడ గమ్ బూట్లు వేసుకుని, నడుముకి ఏప్రన్ కట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉంది. డెబ్బై అయిదేళ్లుంటాయి. ఎండకి వానకి నాని ఎండిన మనిషి. తనని పేరు పెట్టి పిలవమంది. నాకు నోరు రాలేదు. 'ఆంటీ' అన్నాను. "నేను నీకు అత్తనీ పిన్నినీ ఏమీ కాను. అయినా బాగానే ఉంది, అలాగే పిలువు" అంది ఆవిడ. మా అమ్మాయి ఇంకా సుళువు చేసి రెండో రోజుకే గ్రాండ్‌మా అనేసింది.

ఆ ఇంట్లో మొదటి ఏడాది నేను రోజుకొకసారైనా అదిరిపడ్డాను. అమెరికా అంటే మాకు తెలిసింది అద్దాల మేడలు. ఇక్కడ తలుపుకి తాళం లేదు. తాళం చెవి ఎక్కడుందో ఆవిడకే తెలియదు, చివరిసారి ఎప్పుడు చూసిందో గుర్తు లేదు. కారు తాళాలు కారులోనే వేలాడుతుండేవి. ఎవరైనా ఎత్తుకుపోతే? అని అడిగితే, "అంత అవసరం వచ్చిన వాడెవడో నాకు తెలుస్తుంది కదా" అంది. నవంబర్ నెలలో ఒక పొద్దున బట్టలు ఉతకడానికి గరాజ్ తలుపు తీశాను. దూలానికి తలకిందులుగా ఒక జింక వేలాడుతూ నా ముక్కుకి ముక్కు ఆనేంత దగ్గర్లో ఉంది. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని దాన్ని. నేను పెట్టిన కేకకి ఆవిడ పరిగెత్తుకొచ్చి, జింకనీ నన్నూ మార్చి మార్చి చూసి, "భయపడకు, చచ్చిపోయిందిలే, ఏం చెయ్యదు" అని ధైర్యం చెప్పింది. పక్క పొలం ఆయన వేటాడి తెచ్చి ఈవిడకి వాటా పంచాడట. నేను మూడు రోజులు బట్టలు బాత్‌టబ్‌లో ఉతుక్కున్నాను.

ఆవిడ కబుర్లు ఇంకో రకంగా అదరగొట్టేవి. సాయంత్రాలు వంటింట్లో బీన్స్ తుంచుతూ చెప్పేది. తన చిన్నప్పుడు ఎనిమిది ఇళ్లకి కలిపి ఒకటే టెలిఫోన్ లైనట. ఒక్కో ఇంటికీ ఒక్కో రకం గంట. ఎవరికి మోగినా ఎనిమిది ఇళ్లవాళ్లూ రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేవాళ్లట, ఊపిరి బిగబట్టి. "ఊపిరి బిగబట్టొచ్చు గానీ గోడ గడియారాన్ని ఆపలేం కదా. టిక్కుటిక్కుమనే చప్పుడుని బట్టి ఎవరింట్లో ఎవరు వింటున్నారో మా అమ్మ చెప్పేసేది" అంది. కరెంటు వచ్చిన రోజు కథ నాకు మరీ ఇష్టం. అప్పటికి ఆవిడకి పదమూడేళ్లు. చీకటి పడగానే వాళ్ల నాన్న ఇంట్లో లైట్లన్నీ వేసి, పిల్లల్నీ భార్యనీ, మంచాన ఉన్న ముసలమ్మని సైతం కుర్చీతో మోయించి, అందర్నీ రోడ్డు మీదికి తీసుకెళ్లాడట. ఎందుకు? మన ఇల్లు ఎలా ఉందో దూరం నుంచి చూడ్డానికి. ఒక గంట సేపు ఎవరూ లోపలికి వెళ్లలేదట. నేను నోరు తెరుచుకుని విన్నాను. అమెరికాకి కరెంటు కూడా మనకి లాగే వచ్చిందనీ, దాన్ని చూసి వీళ్లూ అలాగే మురిసిపోయారనీ నాకు ఏ స్కూల్లోనూ ఎవరూ చెప్పలేదు.

పెళ్లికి ముందు ఆవిడ టీచరు. ఒకే గది బడి, అయిదేళ్ల వాళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్ల దాకా ఒకే గదిలో. చలికాలం తెల్లవారుజామునే వెళ్లి, పిల్లలు వచ్చే లోపల పొయ్యి రాజేసి, సిరా గడ్డకట్టకుండా చూడాలి. ఆరేళ్లు చేసింది. "మరి ఎందుకు మానేశారు?" అని అడిగాను. "పెళ్లి చేసుకున్నాను కదా" అంది. పెళ్లయిన ఆడవాళ్లకి ఆ బడిలో ఉద్యోగం ఉండదట, అది రూలు. నేను తుంచుతున్న బీన్స్ కింద పెట్టేశాను. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసై, భర్త వీసా మీద వచ్చినందుకు పని చెయ్యడానికి వీల్లేక, మధ్యాహ్నాలు కిటికీ లోంచి మొక్కజొన్న ఎంత ఎదిగిందో చూస్తూ కూర్చునే మనిషిని నేను. ఆ సంగతి ఆవిడకి ఎవరికీ చెప్పనంత కోపంగా చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి, తన పాత స్కూలు గంట, చేత్తో ఊపేది, తెచ్చి నా ముందు పెట్టింది. "నీకు ఎవరి మీదైనా కోపం వస్తే ఇది మోగించు. నేను కింద నుంచి వస్తాను" అంది. రెండుసార్లు మోగించాను. రెండుసార్లూ మా ఆయన మీదే.

ఇక సమాధి సంగతి. మే నెలాఖరులో వాళ్లకి ఒక పండగ. కేలెండర్లో దాని పేరు మెమోరియల్ డే, ఆవిడ వాడుక డెకరేషన్ డే. ఊరందరూ తమవాళ్ల సమాధులు కడిగి, పూలు పెట్టి వస్తారు. పెరట్లో పియొనీలు, ముద్దబంతికి నాలుగింతలుండే గులాబీరంగు పూలు, అప్పటికి విచ్చుకుంటాయి. ఆవిడ వాటిని కోసి, చీమలు దులిపి, ఖాళీ కాఫీ డబ్బాలకి అల్యూమినియం రేకు చుట్టి వాటిలో సర్దింది. "మీరూ రండి, పిక్నిక్ చేద్దాం" అంది. పిక్నిక్ అంటే పార్కు అనుకుని నేను పులిహోర కలిపాను. కారు గులకరాళ్ల రోడ్డు మీద వెళ్లి వెళ్లి, తెల్లటి చెక్క చర్చి పక్కన శ్మశానంలో ఆగింది. పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని నేను కారు దిగను గాక దిగనన్నాను. మా అమ్మాయి మాత్రం అప్పటికే రాళ్ల మధ్య పరుగెడుతోంది. గడ్డి కోసే బండి మీద పక్క పొలం ఆయన, అదే జింక ఆయన, చెయ్యి ఊపాడు. ఆయనే ఆ శ్మశానం బాగోగులు చూసేవాడు. ఇక తప్పక దిగాను.

ఓనరాంటీ ఒక రాయి ముందు గోనెపట్టా పరిచి మోకాళ్ల మీద కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో అక్షరాల్లో నాచు తోముతోంది. ఏదో పాట కూనిరాగం తీస్తోంది. వంగి చూశాను. భర్త పేరు. పక్కనే ఇంకో పేరు. పేరు ఓనరాంటీదే, ముందు వాళ్ల అమ్మమ్మదేమో అనుకున్నాను, ఇక్కడ అమ్మమ్మల పేర్లు పెట్టుకుంటారు కదా. పుట్టిన సంవత్సరం చూశాను. అది ఈవిడదే. బతికున్న మనిషి తన సమాధి రాయి తనే, గిన్నె తోమినంత మామూలుగా తోముకుంటోంది! తోమడం అయ్యాక వెనక్కి వాలి, తల పక్కకి వంచి, "ఎలా ఉంది?" అని అడిగింది. మా ఆయన ఏ మాటకైనా తడుముకోడు. "వెరీ నైస్" అన్నాడు. భర్త పోయినప్పుడే రెండు పేర్లూ చెక్కించేసిందట. మిగిలేది ఒక్క సంవత్సరం, అది తరువాతి పని. ఇలా చెయ్యడం అక్కడ అందరికీ మామూలే. చుట్టూ చూస్తే సగం రాళ్లు అలాగే ఉన్నాయి. ఆ సగం రాళ్ల యజమానులు మా చుట్టూ తిరుగుతూ నన్ను చూసి నవ్వి, ఈ ఏడు వానలు బాగా పడ్డాయంటున్నారు.

ఇంటికి వచ్చాక జరిగింది ఇప్పటికీ తలుచుకుంటే నవ్వూ సిగ్గూ రెండూ వస్తాయి. శ్మశానానికి వెళ్లి వచ్చి స్నానం చెయ్యకుండా గడప ఎలా దాటతాం? పైకి వెళ్లాలంటే ఆవిడ హాల్లోంచే మెట్లెక్కాలి. ఆవిడ కారులోంచి డబ్బాలు దించుకునే లోపల మేమిద్దరం పెరట్లో పశువుల కోసం పెట్టిన కుళాయి తిప్పి, కట్టుబట్టలతో ఒకరి నెత్తి మీద ఒకరం నీళ్లు కుమ్మరించుకున్నాం. బావి నీళ్లు. మంచుగడ్డ కరిగించినట్లున్నాయి. మా అమ్మాయిని కూడా తడిపేసరికి అది ఊరు అదిరిపోయేలా ఏడ్చింది. ఓనరాంటీ వచ్చి చూసి మొహం పాలిపోయి, "ఏం కుట్టింది? ఎక్కడ కుట్టింది?" అంటూ మా చొక్కాలు పట్టి వెతకడం మొదలుపెట్టింది. పళ్లు టకటకా కొట్టుకుంటూ విషయం చెప్పాను. అంతా విని, లోపలి నుంచి తువ్వాళ్లు తెచ్చి కప్పి, "నా రాయి చూసి వచ్చి మీరు ఇంత కడుక్కోవాల్సి వచ్చిందా? నేను దాన్ని శుభ్రంగానే తోమాను కదా" అంది. ఆ మరుసటి ఏడాది నుంచి మేము శ్మశానం నుంచి వచ్చేసరికి పెరట్లో బాల్చీతో వేడి నీళ్లు సిద్ధంగా ఉండేవి. నా కోసం ఆవిడ ముందే ఇంటికి వచ్చేది.

నాలుగో ఏడాది మా ఆయనకి టెక్సస్‌లో ఉద్యోగం దొరికింది. వెళ్లిపోయే ముందు వచ్చిన డెకరేషన్ డే నాడు ఆవిడ రాయి తోమడం అయ్యాక, వేలితో ఆ గీత పక్కన నున్నటి చోటు తడిమింది. "ఇది ఒక్కటీ నేను చేసుకోలేని పని. నా మేనల్లుడు చాలా దూరంలో ఉంటాడు, వాడికి ఇలాంటివి పట్టవు. నేను పోయాక ఇక్కడ సంవత్సరం మీరు చెక్కిస్తారా?" అంది. "అయ్యో, శుభమా అని కూర్చుంటే అవేం మాటలు ఆంటీ! మీరు నూరేళ్లు ఉంటారు" అన్నాను. మన దగ్గర ఎవరైనా చావు మాట ఎత్తితే ఇదే కదా జవాబు. దాంతో ఆ మాట అక్కడితో ఆగుతుంది. ఆవిడకి అది జవాబుగా అనిపించలేదు. "సరే, నూరేళ్లు ఉంటాను. ఆ తరువాత చెక్కిస్తారా?" అని మా ఆయన వైపు తిరిగింది. ఆయన, ఎలాగైనా ఆ సంభాషణ ముగించాలని, తల ఊపుతూ, "ష్యూర్ ష్యూర్, డోంట్ వర్రీ" అన్నాడు. ఆ ష్యూర్ ష్యూర్ మనందరం అనేదే. పెళ్లికి తప్పక రావాలి అంటే అనేది, ఈసారి మా ఇంట్లో దిగాలి అంటే అనేది. ఆవిడ మా ఇద్దరి మొహాలూ ఒక్కక్షణం చూసి, "మంచిది" అని లేచి, మోకాళ్లు దులుపుకుంది. నేను హమ్మయ్య అనుకున్నాను.

ఆ తరువాత ఆరేళ్లకి ఆవిడ పోయింది. పక్క పొలం ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. శనివారం చర్చిలో అంత్యక్రియలట. సరిగ్గా ఆ శనివారమే కాపెల్‌లో మా కొత్తింటి గృహప్రవేశం. నూటయాభై మందిని పిలిచాం. శాన్ రామన్ నుంచి మా ఆడపడుచు వాళ్లు టికెట్లు బుక్ చేసుకున్నారు. నేను ఏడ్చాను, అబద్ధం చెప్పను, బాగానే ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, పంతులుగారికి ఫోన్ చేశాను.

"బంధుత్వం ఏమైనా ఉందామ్మా?" అని అడిగారాయన.

"లేదండీ. ఇదివరకు మాకు ఇల్లు అద్దెకిచ్చినావిడ. అమెరికన్."

"అయితే మీకేమీ కారు కదమ్మా. అయినవాళ్లకైతే పది రోజుల మైల, దూరపు వాళ్లకి మూడు రోజులు. మీరు తలస్నానం చేసేయండి చాలు. ముహూర్తానికి ఏ అభ్యంతరం లేదు."

ఆ మాట వినగానే నాకు ఎంత తేలికపడిందో! ఫోన్ పెట్టేసి మా ఆయనతో, "మనకి మైల లేదట" అన్నాను, శుభవార్త చెప్పినట్లే. తలస్నానం చేశాను. ఆన్‌లైన్‌లో పూలు ఆర్డర్ చేసి చర్చికి పంపాను. శనివారం పాలు పొంగించాను. ఆ మరుసటి వారం అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, పాత ఫోన్ నంబర్ తీసేయించాం. సంవత్సరం చెక్కించే మాట నాకు గానీ ఆయనకి గానీ గుర్తు రాలేదు. గుర్తొచ్చి మర్చిపోయినా కొంత నయం. అదొక మాట ఇచ్చినట్లే మాకు తెలియదు.

మా అమ్మాయి ఫోన్ పెట్టేశాక రెండు రోజులు తిండి సయించలేదు. మేనల్లుణ్ణి తిట్టాను. ఆ ఊరి చర్చిని తిట్టాను, ఒక ముసలమ్మకి నాలుగు అంకెలు చెక్కించలేకపోయారా ఇంతమంది కలిసి, అని. చివరికి చర్చి నంబర్ వెతికి ఫోన్ చేశాను. ఎత్తింది పక్క పొలం ఆయనే. ఎనభై దాటిన గొంతు. నేనెవరో చెప్పాను. నిష్ఠూరం లేదు, ఆశ్చర్యం లేదు. "ఆహా. మీ కోసమే చూస్తున్నాం" అన్నాడు. మర్యాదకి అంటున్నాడు అనుకున్నాను. రాయి చెక్కే ఆవిణ్ణి ఆయనే మాట్లాడి పెడతానన్నాడు. పోయిన వారం మేమిద్దరం కారులో బయలుదేరాం.

దారిలో ముందు ఇల్లు చూద్దామన్నాను. గులకరాళ్ల రోడ్డు అలాగే ఉంది. మలుపు తిరగగానే ఇల్లు కనపడాలి. మలుపు తిరిగాం. కోసేసిన మొక్కజొన్న మోళ్లు తప్ప ఏమీ లేదు. మా ఆయన దారి తప్పామన్నాడు, వెనక్కి తిప్పాడు, మళ్లీ వచ్చాడు. అదే చోటు. తరువాత పక్క పొలం ఆయన చెప్పాడు. మేనల్లుడు పొలం అమ్మేశాడు. కొన్నవాళ్లకి ఇల్లు అక్కర్లేదు. ఊరి వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి మంటలార్పడం ప్రాక్టీస్ కోసం ఇచ్చేశారు. ఒక ఆదివారం ఒక్కో గదే తగలబెట్టి, ఆర్పి, మళ్లీ తగలబెట్టి, చివరికి పూర్తిగా కాల్చేశారు. ఇక్కడ పాత ఇళ్లని ఇలా ఇవ్వడం మామూలేనట. "కుర్రాళ్లకి మంచి ట్రైనింగ్ అయింది. గట్టి ఇల్లు, ఓ పట్టాన పడలేదు" అన్నాడు మెచ్చుకోలుగా.

రాయి మీద పని చెయ్యాలంటే చర్చిలో సంతకం పెట్టాలి. ఎవరికి పడితే వాళ్లకి చెక్కనివ్వరు, కుటుంబం వాళ్లే అడగాలి. అది విని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లాల్సిందే కాబోలనుకున్నాను. "మేము కుటుంబం కాదు కదా. మేడ మీద అద్దెకున్న వాళ్లం అని రాయనా?" అని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, అల్మారాలోంచి పెద్ద రిజిస్టర్ తీశాడు. ఒక్కో సమాధికి ఒక్కో పేజీ. ఓనరాంటీ పేజీ తిప్పి నా వైపు జరిపాడు. బడి టీచరు చేతిరాత, గుండ్రంగా, ముత్యాల్లా. మేము టెక్సస్ వెళ్లిన ఆ వేసవిలోనే రాసింది. 'తేదీ చెక్కించేవారు' అన్న గడిలో మా ఆయన పేరు, నా పేరు, ఒక్క అక్షరం తప్పు లేకుండా. పక్కన మా అపార్ట్‌మెంట్ ఫోన్ నంబర్. 'సంబంధం' అన్న గడిలో ఒక్క మాట. ఫ్యామిలీ.

"చర్చి ఆడవాళ్లు రెండుసార్లు మేమే చేయిస్తామన్నారు" అన్నాడాయన. "నేనే వద్దన్నాను. మీరు చేస్తామని ఆవిడకి మాటిచ్చారు కదా. మధ్యలో మేము దూరితే బాగుండదు. ఒకసారి ఫోన్ చేశాం, ఆ నంబర్ పని చెయ్యలేదు. పోనీలే, వీలు చిక్కినప్పుడు వాళ్లే వస్తారు అనుకున్నాం."

పదహారేళ్లు. ఊరు మర్చిపోలేదు. ఊరు మా కోసం ఆగింది. ఏటా మే నెలలో వాళ్లు ఆ రాయి కడిగి, పూలు పెట్టి, ఆ ఖాళీని మాత్రం ముట్టుకోకుండా, అది మాదని మాకే వదిలేశారు. నేను పంతులుగారిని అడిగి, ఏమీ కాదని తేల్చుకుని, హమ్మయ్య అనుకున్న మనిషి నన్ను ఈ పుస్తకంలో ఏం రాసుకుందో మళ్లీ చదివాను. మా ఆయన, దేనికీ తడుముకోని మనిషి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. నేను సంతకం పెట్టాను. నా పేరు నాకే కొత్తగా కనపడింది.

రాయి చెక్కే ఆవిడ పికప్ ట్రక్కులో వచ్చింది. భర్త అంకెల కొలతలు తీసుకుని, రబ్బరు షీట్‌లో నాలుగు అంకెలు కత్తిరించి అంటించి, గొట్టంతో ఇసుక చిమ్మింది. హోరుమని చప్పుడు. ముప్పావు గంట పట్టిందో లేదో. షీట్ లాగేసరికి అంకెలు తెల్లగా, పచ్చిగా ఉన్నాయి. పాత అక్షరాల రంగుకి రావడానికి కొన్ని వానలు పడాలి అని చెప్పి, ట్రక్కెక్కి వెళ్లిపోయింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ అంకెల్లోని దుమ్ము వేలితో తుడిచాను. ఆపుకోలేనంత ఏడుపు వచ్చింది. ఇంటికి వచ్చాక శుక్రవారం స్నేహితురాలి ఇంట్లో వ్రతానికి రమ్మని పిలుపు వస్తే, రాలేను, మాకు మైల అని చెప్పాను. ఎవరు పోయారని కంగారుగా అడిగింది. మా ఆంటీ అన్నాను. ఎప్పుడు అంది. ఏం చెప్పను? చర్చి రిజిస్టర్‌లో ఆవిడ పోయి పదహారేళ్లు దాటింది, నా లెక్కలో ఇవాళ్టికి ఆరో రోజు.